వేరు లేని మంట

సూర్యుడు పొద్దున్నే లేచి మొట్టమొదట చూసేది తమ ఊరినేనని రత్నవేలా నగర ప్రజలు గొప్పలు చెప్పుకునేవారు. అందులో కొంత నిజమూ ఉంది. తూర్పు కడలి అంచున ఏడంతస్తుల సౌధాలు, వాటి మీద పగడపు కలశాలు, ముత్యపు చిప్పలు తాపిన రాజవీధి గోడలు, రేవులో రంగురంగుల తెరచాపలు! ఎండ పడిన వేళ ఆ నగరాన్ని కళ్ళు చికిలించకుండా చూడటం ఎవరి తరమూ కాదు. అన్నిటికన్నా ఎత్తైనది దీపస్తంభం. దాని శిఖరం మీద ఏనుగు పడుకునేంత ఇనుప మూకుడు, అందులో సాయంకాలం వెలిగే మహాజ్వాల. యమకోరలనే రాతిగుట్టల నడుమ ఒకే ఒక్క సన్నని దారి ఉంది. ఆ జ్వాలను గురిగా పెట్టుకుంటేనే ఓడలు ఆ దారి పట్టి రేవు చేరగలవు.

అంతటి నగరంలో ఇప్పటికి ఏడు రోజులుగా ఒక్క పొయ్యి కూడా వెలగలేదు. కోటీశ్వరులూ కూలివాళ్ళూ ఒకే విందు ఆరగిస్తున్నారు: నానబెట్టిన బియ్యం, నంజుకోవడానికి పచ్చి వంకాయ. ఆ ఏడు రోజుల్లో రాజవైద్యుడు ఒక్క కషాయం కూడా కాచలేకపోయాడు. రోగులు మాత్రం కాస్త కోలుకున్నారని గిట్టనివాళ్ళు అన్నారు.

ఇదంతా భస్మజటుడి నిర్వాకం. సింధుసేన మహారాజు ఏడు ఓడలతో ద్వీపాంతరాలకు వెళ్ళిన సమయం చూసి, ఈ కొండ మాంత్రికుడు జ్యోతిష్కుడి వేషంలో ఆస్థానంలో దూరాడు. యువరాజు కీర్తిసేనుణ్ణి కోట బురుజు మీది నుంచి సముద్రంలోకి తోసి, "అయ్యో, యువరాజు కాలుజారి పడ్డాడు" అని చాటింపు వేయించాడు. ఆ మర్నాడే నడివీధిలో నిలబడి మంత్రం వేశాడు.

"నేలలో వేరున్నదేదీ ఈ రాజ్యంలో మండకూడదు! వేరున్నదాన్ని తిన్న జీవి ఇచ్చినదేదీ మండకూడదు!"

దాంతో కట్టె, బొగ్గు, గడ్డి, నువ్వులనూనె, కర్పూరం అన్నీ చల్లబడ్డాయి. ఆవు గడ్డి తింటుంది కాబట్టి నెయ్యీ పిడకా కూడా పోయాయి. చేపనూనె ఉందిగా అని ఎవరో ఉత్సాహపడ్డారు. నూనె ఉంది, వత్తి ఏదీ? పత్తికీ వేరుంది, జనపనారకూ వేరుంది.

పంచమి నాటి సాయంకాలం మహారాజు ఓడలు తిరిగి వస్తాయి. స్తంభం మీద మంట లేకపోతే అవి యమకోరలకు తగిలి ముక్కలవుతాయి. సింహాసనం ఖాళీ అవుతుంది. కత్తి దూయకుండా రాజ్యం కాజేయడానికి ఇంతకన్నా తేలిక మార్గం ఏముంటుంది?

అయితే యువరాజు చావలేదు. జాలరిపల్లెలో మసేనమ్మ అనే ముసలిది సొరచేపకు వేసిన వలలో అతను పడ్డాడు. "సేప కాదేటి?" అని ఆమె మొదట నిట్టూర్చిన మాట వాస్తవమే. కానీ గుర్తుపట్టగానే గుండెలకు హత్తుకుంది. ఆమె ఒక్కగానొక్క కొడుకు పైడయ్య మహారాజు ఎక్కిన ఓడకే చుక్కాని పడతాడు. ఒకే ఓడ మీద ఇతనికి తండ్రి, ఆమెకు కొడుకు. పంచమి తలుచుకుంటే ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు.

పాడ్యమి నాటి మధ్యాహ్నం కీర్తిసేనుడు ఒడ్డున బండమీద కూర్చుని చెకుముకి రాయి కొడుతున్నాడు. కొబ్బరిపీచు మీద కొట్టాడు, మండలేదు. తాటాకు మీద కొట్టాడు, అదీ మండలేదు. ఒళ్ళు మండి ఉక్కుముక్కను రాయికేసి బలంగా బాదాడు. నిప్పురవ్వ ఎగిరి పక్కబండ మీద పడింది. అక్కడ ఎప్పుడో అలలు విసిరేసిన సముద్రపు నాచు ఎండి, నల్లగా పెళుసుగా అంటుకుని ఉంది. దానిమీద ఎర్రటి చుక్క ఒకటి మెరిసింది. సన్నని పొగ లేచింది.

యువరాజు ఎగిరి గంతేశాడు. "అత్తా! మసేనమ్మత్తా! మండింది!"

ముసలమ్మ పరుగున వచ్చి, ముక్కుమీద వేలేసుకుంది. "ఓలమ్మో! నాచు కూడా గడ్డేగదా, మండదనీసుకున్నాం."

"గడ్డి అయితే వేరుండాలిగా. దీనికి వేరుందా?"

మసేనమ్మ ఓ పచ్చి తీగ ఎత్తి చూపించింది. అడుగున చిన్న కప్పులాంటి పట్టు తప్ప ఏమీ లేదు. "ఏరేటి బాబూ? రాయిని పట్టుకుని ఏలాడతాది గానీ రాయిని తాగదు. దీని కూడూ నీరూ అన్నీ కెరటంలోనే."

"అయితే మన మంట దొరికింది! పడవలు తీయించు అత్తా. గుట్టల మీద ఉన్న నాచంతా కోయించేస్తాను."

ముసలమ్మ ముఖం గంటు పెట్టుకుంది. "కోత్తావా? అది గంగమ్మతల్లి జుట్టు. రాలిన జుట్టు మనది, మొలిసిన జుట్టు ఆయమ్మది. తలమీద జుట్టు పీకితే నీ తల్లయినా ఊరుకుంటాదేటి? అది కోసీసినామంటే సేప గుడ్లు పెట్టుకోడానికి సోటుండదు, పై ఏటికి ఒడ్డుకి నాచూ రాదు. ఒడ్డున కుప్పలు కుప్పలు పడుంది గదా, అది ఏరుకో."

నిజమే. మొన్నటి పోటుకు కొట్టుకొచ్చిన నాచు ఒడ్డు పొడవునా మోకాలి లోతు పడి ఉంది. ఇన్నాళ్ళూ ముక్కు మూసుకుని దాటిపోయిన ఆ కుప్పలను యువరాజు ఇప్పుడు బంగారు గనిని చూసినట్టు చూశాడు. మసేనమ్మ ముందుగా ఓ గుప్పెడు తీసి, "నీది నీకిచ్చినాం తల్లీ, రాలింది మాకొగ్గీయ్" అని కెరటంలో వదిలింది. అది పల్లెలో తరతరాల ఆచారం. ఆ తరువాతే మిగతావాళ్ళు చేతులు పెట్టారు.

ఇక రాజపుత్రుడి ఉత్సాహానికి పగ్గాల్లేవు. ఆడవాళ్ళు ఇంకా నాచు పోగుచేస్తుండగానే, అతను మోకాళ్ళ లోతు సముద్రంలో దిగి తన కుప్పను ఇసుక పోయేదాకా శుభ్రంగా కడిగాడు. బండలమీద పిడకలు చరిచాడు. చీకటిపడేసరికి రెండు బుట్టల పిడకలు! యుద్ధవిద్యలు నేర్పిన గురువు చూస్తే ఏమనేవాడో గానీ, ఆ ఆనందం మాత్రం గొప్పది.

మర్నాడు ఎర్రటి ఎండలో సగం ఆరిన పిడకను ఒకదాన్ని చెకుముకితో అంటించారు. అది పెనంమీద ఆవాల్లా చిటపటలాడింది. పక్కవాళ్ళ కళ్ళలోకి ఉప్పు నిప్పులు చిమ్మింది. బోలెడు తెల్లపొగ కక్కి చల్లారిపోయింది.

పల్లె ఆడవాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు. "ఎక్కడ కడిగినావు బాబూ?" అంది మసేనమ్మ.

"సముద్రంలో."

"ఉప్పును ఉప్పునీళ్ళతో కడిగీనావా! రాజుల బుర్ర రాజులదే. మా సిన్నప్పుడు తుపానులో పుల్లలన్నీ తడిసిపోతే మాయమ్మ ఈ నాచుతోనే గంజి కాసింది. నాను సూసినాను. పద, ఏటికాడికి పద."

అసలు పని అప్పుడు మొదలైంది. నాచును కావిళ్ళలో వేసుకుని, మంచినీటి ఏరు పారే చోటికి మోశారు. మొదటి నీటిలో ఇసుకా గుల్లలూ పోయాయి, రెండో నీటిలో జిగురు పోయింది. మూడో నీటి తరువాత మసేనమ్మ ఒక పోగు తీసి నోట్లో వేసుకుని నమిలేది. నాలుకకు ఉప్పు తగిలితే తుపుక్కున ఉమ్మి, "ఇంకోపాలి!" అనేది. రుచి లేకపోతే, "సప్పన!" అని కేక పెట్టేది. సప్పన అన్న కుప్ప మాత్రమే రోళ్ళలోకి వెళ్ళింది. రోకళ్ళతో మెత్తగా దంచి, నీరు పిండి, అరచేతి మందాన బండలమీద చరిచారు. మూడు రోజులు సముద్రపు గాలి ఒకవైపు, మండుటెండ ఒకవైపు పనిచేశాయి. చవితి సాయంకాలానికి పిడకలు గట్టిపడి, ఒకదానికొకటి తగిలితే ఖణేలుమన్నాయి. ఈసారి అంటించిన పిడక చిటపటలాడలేదు. నిండుగా, పచ్చగా, ఒక జాము పాటు మండింది.

పంచమి వచ్చింది. పొద్దు పడమటికి వాలింది. పల్లెలోని నలభైమంది ఆడవాళ్ళు తలమీద బుట్టలతో దీపస్తంభానికి బయల్దేరారు. వారిలో ఒకామె అందరికన్నా మూరెడు పొడుగ్గా, మసేనమ్మ చీర మోకాళ్ళ దాకానే వచ్చేట్టు కట్టుకుని, ముసుగు గడ్డం దాకా లాక్కుని, రాజహంసలా కాక గుర్రంలా నడుస్తోంది. ఆమే మన యువరాజు.

స్తంభం ద్వారం దగ్గర భస్మజటుడు పులిచర్మం మీద కూర్చుని ఉన్నాడు. బూడిద రంగు జడలు భుజాలమీద పాముల్లా వేలాడుతున్నాయి, మెడలో కపాలాల దండ, కుడి అరచేతిలో ఎప్పుడూ ఆరని మాయాగ్ని. రాజ్యంలో నిప్పున్న చెయ్యి అదొక్కటే.

"ఎక్కడికే ఈ ఊరేగింపు?" అని గర్జించాడు.

"ఓడలొచ్చే నాడు పిడకలు మూకుట్లో పెట్టి మొక్కడం మా ఆనవాయితీ బాబూ," అంది మసేనమ్మ చేతులు జోడించి. "మండినా మండకపోయినా మొక్కు మొక్కే."

మాంత్రికుడికి నవ్వొచ్చింది, అనుమానమూ వచ్చింది. "ఏదీ, నీ పిడక ఇటు తే."

ఆమె తన బుట్టలో పైన ఉన్న పిడక తీసి ఇచ్చింది. అది మండితే గుట్టు రట్టయినట్టే. భస్మజటుడు దాన్ని అరచేతి నిప్పుమీద పెట్టాడు. పిడక చిటపటమని అతని గడ్డంలోకి నిప్పులు చిమ్మి, కంపుకొట్టే పొగ వదిలి, చల్లారింది. ముసలమ్మ ఏరి కోరి ప్రతి బుట్ట పైనా పరిచినవి యువరాజు సముద్రంలో కడిగిన ఆ మొదటి పిడకలే!

"నా మంత్రానికి తిరుగులేదు!" మాంత్రికుడు గడ్డం దులుపుకుంటూ పగలబడి నవ్వాడు. "పోండి, పేర్చుకోండి. మీ మగాళ్ళ ఓడలు మునుగుతుంటే దాని మీద కూర్చుని ఏడుద్దురు గాని." ఇంతలో అతని చూపు పొడుగు మనిషి మీద పడింది. "ఇదెవతే, తాటిచెట్టులా?"

"మా ఆడపడుసు కూతురు బాబూ. ఈ పొడుగు సూసే ఒక్క సమ్మంధమూ కుదర్నేదు," అని మసేనమ్మ కళ్ళొత్తుకుంది.

"కుదరదు, కుదరదు," అన్నాడు భస్మజటుడు. ఆ ఒక్క జోస్యం మాత్రం అతను నిజాయితీగానే చెప్పాడు.

గుండ్రంగా తిరిగే మూడువందల మెట్లు ఎక్కి, శిఖరం మీద అడుగుపెట్టగానే బుస్సుమని చలిగాలి కొట్టింది. ఇనుప మూకుడు చుట్టూ, భస్మజటుడు కాపలా పెట్టిన శీతసర్పం తాటిమాను లావున తెల్లగా చుట్టుకుని ఉంది. దాని ఊపిరి తగిలి ముందున్న ఆడదాని ముంగురులు మంచు కట్టాయి. కీర్తిసేనుడు తన బుట్టను బోర్లించి, పిడకలు నేలరాలగానే, ఒక్క దూకున ఆ ఖాళీ బుట్టను పాము తలమీద బిగించాడు. పాము విదిలించింది. యువరాజు గోడకు కొట్టుకున్నాడు, అయినా పట్టు వదల్లేదు.

"సూత్తారేటే! మనం సొరసేపని లాగినోళ్ళం!" మసేనమ్మ అరిచింది.

నలభైమంది ఒక్కసారి మీదపడ్డారు. ఒకరు తోక పట్టారు, పదిమంది నడుంమీద కూర్చున్నారు, నలుగురు వలతాళ్ళు బిగించారు. క్షణంలో శీతసర్పం మోపులా మూటకట్టబడింది. మెట్లమీది నుంచి దాన్ని దొర్లించేశారు.

"ఓడలు!" అని ఎవరో కేకపెట్టారు. దిగంతాన ఏడు తెరచాపలు. పొద్దు కుంకుతోంది. కొండల వైపు నుంచి పొగమంచు కడలిమీదికి జారుతోంది.

పైన పరిచిన ఉప్పు పిడకలు పక్కన పడేసి, మిగతావి మూకుట్లో నిట్టనిలువుగా పేర్చారు. కీర్తిసేనుడు ఎండునాచు పొడిమీద చెకుముకి కొట్టాడు. ఒకటి, రెండు, మూడు. గాలి రవ్వలను ఎత్తుకుపోయింది. ఆడవాళ్ళు చుట్టూ గుమిగూడి కొంగులు అడ్డం పెట్టారు. నాలుగోసారి రవ్వ నిలిచింది. ఎర్రబడింది. పాకింది. మరుక్షణం పసుపుపచ్చని జ్వాల నిలువెత్తు లేచి, ఇన్ని రోజుల చీకటి బాకీ ఒక్కసారి తీర్చినట్టు ఊరంతా వెలుగు చిమ్మింది.

నగరంలో ఎనభైవేల గొంతులు "మంట! మంట!" అని అరిచాయి. మేడలెక్కి జనం చప్పట్లు కొట్టారు. ముసలివాళ్ళు ఏడ్చారు.

మొదటి ఓడ ముక్కు తిప్పి యమకోరల మధ్యకు వచ్చింది. దాటింది! రెండోది దాటింది. మూడోది కూడా. అప్పటికి భస్మజటుడు రొప్పుకుంటూ శిఖరం చేరాడు. అతని కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"వేరున్నదేదీ మండకూడదు!" అని రెండు చేతులెత్తి అరిచాడు. మంట కదలలేదు. మళ్ళీ అరిచాడు. మంట ఇంకొంచెం పెరిగింది.

"దీనికి ఏరు నేదు బాబూ," అంది మసేనమ్మ ఎంతో మర్యాదగా. "మీరు కొండోళ్ళు గదా, మీకు తెలీదు."

మాంత్రికుడు పళ్ళు కొరికి, బుగ్గలు పూరించి హిమవాయువు ఊదాడు. కొలిమికి తిత్తి ఊదినట్టయింది. పిడకలు భగ్గుమని తెల్లగా మండాయి. ఆ వెలుగులో నాలుగో ఓడ, ఐదోది, ఆరోది వరసగా రేవు చేరాయి. కానీ ఆ ఊదుడుకు ఇంధనం కూడా రెట్టింపు వేగంతో కరిగింది. యువరాజు చివరి బుట్ట కుమ్మరించాడు. ఆ తరువాత బుట్టలన్నీ ఖాళీ.

ఏడో ఓడ ఇంకా బయటే ఉంది. తన మనుషులందరూ ఒడ్డు చేరాకే రాజు ఓడ రేవులోకి రావాలన్నది రత్నవేల నియమం. ఆ నియమమే ఇప్పుడు సింధుసేన మహారాజు మెడమీద కత్తి అయింది. మంట కుంగింది. పొగమంచులో ఓడ గుట్టవైపు ఒరిగింది. భస్మజటుడు నవ్వడం మొదలుపెట్టాడు. కీర్తిసేనుడికి ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాడు.

మసేనమ్మ పిట్టగోడ ఎక్కి, మంట చూసి వచ్చి కింద గుంపుగా నిలబడ్డ పల్లెవాళ్ళకు వినబడేలా కేకేసింది. "ఒసే పిల్లల్లారా! పరుపులు తెండే! తలగడలు తెండే!"

జాలరి ఇళ్ళలో పరుపుల్లో దూది ఉండదు. ఏళ్ళ తరబడి ఎండిన నాచే కూరుతారు. స్తంభానికి కూతవేటు దూరంలోనే ఉన్న పల్లె రెప్పపాటులో కదిలింది. పెళ్ళికూతుళ్ళ పరుపులు, బాలింతల తలగడలు, ఎవరి తాత చనిపోయిన పరుపో కూడా, మెట్లమీద చేతులు మారుతూ పైకి ప్రవహించాయి. అడ్డొచ్చిన మాంత్రికుడి నెత్తిన ఒక తలగడ పగిలింది. యువరాజు గుడ్డలు చీల్చి, నాచును దోసిళ్ళతో మూకుట్లో కుమ్మరించాడు. తేలికైన పాత నాచు ఒక్కపెట్టున అంటుకుంది. జ్వాల ఆకాశాన్ని నాకింది. పొగమంచు చిరిగిపోయింది. గుట్టకు జానెడు దూరంలో రాజు ఓడ ముక్కు తిప్పి, దారిలో పడి, యమకోరలు దాటింది!

"పైడీ! నా పైడయ్యా!" అని మసేనమ్మ నేలమీద కూలబడి నవ్వుతూ ఏడ్చింది.

ఇక నిలబడితే ప్రాణం దక్కదని భస్మజటుడికి తెలిసింది. గిర్రున తిరిగి పల్లకీ అంత రాబందుగా మారాడు. "నా కొండకు పోయి వెయ్యి మంత్రాలతో తిరిగొస్తాను!" అంటూ ఎగిరాడు. ఊరి పొయ్యిలార్పిన మంత్రం ఇంకా వీడలేదు, దాన్ని విప్పగలవాడు అతనొక్కడే. అది గుర్తుకు రాగానే కీర్తిసేనుడు రెండడుగులు వెనక్కి వేసి, చీర గోచీలా బిగించి, పిట్టగోడ మీది నుంచి శూన్యంలోకి దూకాడు. రెండు చేతులతో రాబందు కాళ్ళు దొరకబుచ్చుకున్నాడు. పక్షి కెవ్వుమంది, కిందికి జారింది, రేవుమీదుగా రాజు ఓడ తెరకొయ్యను రాసుకుంటూ మళ్ళీ పైకి లేచింది.

"నాన్నగారూ! ఒడ్డుకు పదండి! గంజి వేడిగా ఉంటుంది! నేను వీణ్ణి వదిలిపెట్టను!" అన్న కేక ఆకాశంలోంచి వినిపించి, పడమటి కొండలవైపు వెళ్ళిపోయింది.

సింధుసేన మహారాజు నోరు తెరిచి పైకి చూశాడు. చుక్కాని దగ్గర నిలబడ్డ మనిషివైపు తిరిగాడు.

"పైడయ్యా, ఆ పిల్లెవరు? నన్ను నాన్నా అంటుందేమిటి?"

పైడయ్య కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని, దూరమవుతున్న రాబందును తేరిపార చూశాడు.

"సీర మాత్రం మాయమ్మది మారాజా," అన్నాడు. "లోపలున్నోడు మీవోడే."